ఛారిటీ మేళాలో మీ చేతిపనులు అమ్మాలనుకుంటే

చదువుకుంటూనే చేతిపనులు చేసేవాళ్లకు ఛారిటీ మేళా మంచి మొదటి అంగడి. వచ్చేవాళ్లు నాలుగు డబ్బులు మంచిపనికి ఖర్చుపెట్టాలనుకునే వస్తారు. చేసింది విద్యార్థులని తెలిస్తే ఇంకాస్త మెత్తబడతారు. చిక్కంతా ఆ మెత్తదనంతోనే. జాలిపడి కొన్న వస్తువు ఇంటికెళ్లాక సొరుగులో పడుతుంది, కొన్న మనిషి మరోసారి మీ స్టాల్ దగ్గర ఆగరు. అందుకని మొదటినుంచీ ఒక పరీక్ష పెట్టుకోండి: ఈ డబ్బు సేవకు వెళ్తుందని తెలియని మనిషి కూడా దీన్ని ఇంత పెట్టి కొంటారా? కొంటారని మనస్ఫూర్తిగా అనిపించిన వస్తువే బల్ల మీదికి రావాలి.

ముందు నిర్వాహకులతో మాట్లాడండి

దారాలు, పూసలు, కాగితం కొనకముందే ఈ పని జరగాలి. అన్నిటికంటే ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. అమ్మకం మొత్తం సేవాసంస్థకు ఇచ్చేయడం ఒక పద్ధతి. ముడిసరుకు ఖర్చు తీసుకుని మిగిలింది ఇవ్వడం ఇంకో పద్ధతి. అమ్మకంలో ఇంత శాతమని వాటా ఇవ్వడం మూడోది. కొన్నిచోట్ల బల్లకు అద్దె తీసుకుని దాన్నే విరాళంగా జమ చేసుకుంటారు, అమ్మిన డబ్బు మీకే ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏదైనా న్యాయమే. కానీ ఏది అన్నది మీకూ వాళ్లకూ కొనేవాళ్లకూ ఒకేలా తెలిసి ఉండాలి. నోటిమాటగా వదిలేయకుండా ఒక మెసేజ్‌లోనైనా రాసి పంపి, అవునని జవాబు తెప్పించుకోండి. రేపు లెక్క దగ్గర మనస్పర్థ వస్తే ఆ ఒక్క మెసేజే కాపాడుతుంది.

తర్వాత స్థలం గురించి అడగండి. బల్ల వాళ్లిస్తారా, మీరు తెచ్చుకోవాలా? దాని కొలతలెంత? పైన కప్పు ఉందా, ఆరుబయటా? కరెంటు పాయింటు ఉందా? సామాను దించడానికి ఎన్ని గంటలకు రానిస్తారు? పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లయితే పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలన్న నిబంధన ఉందేమో కనుక్కోండి. అమ్మకూడని వస్తువుల జాబితా ఉంటే అదీ అడిగి తీసుకోండి. కొవ్వొత్తులు, ఒంటికి రాసుకునే క్రీములు, పసిపిల్లల బొమ్మలు చాలాచోట్ల ఆ జాబితాలో ఉంటాయి.

ఏం చేయాలో, ఎన్ని చేయాలో గడియారం చూసి తేల్చండి

మనసులో ఎన్నో ఉంటాయి. బల్ల మీదికి మాత్రం రెండు మూడు రకాలే తీసుకెళ్లండి. తొమ్మిది రకాలు ఒక్కొక్కటి నాలుగేసి పెడితే చూసేవాళ్లకు మీరేం చేస్తారో అర్థం కాదు. మూడు రకాలు, ఒక్కో రకంలో బోలెడు రంగులు ఉంటే మాత్రం ఆగుతారు, ఏరుకుంటారు. ఏరుకోవడం మొదలుపెట్టిన మనిషి సగం కొన్నట్టే.

మొదట ఒక్కో రకంలో రెండేసి నమూనాలు చేయండి. రెండోది చేసేటప్పుడు గడియారం పెట్టుకోండి, మొదటిదానికి పట్టే సమయం లెక్కలోకి రాదు. ఇక కాలాన్ని వెనక నుంచి లెక్కేయండి. మేళాకు ఆరు వారాలుంది, వారానికి ఐదు గంటలు కేటాయించగలరనుకుందాం. మొత్తం ముప్ఫై గంటలు. అందులో ఆరు గంటలు ట్యాగులకు, ప్యాకింగుకు, బల్ల సర్దుకోవడానికి పక్కన పెట్టేయండి. మిగిలిన 24 గంటలంటే 1440 నిమిషాలు. ఒక వస్తువుకు 40 నిమిషాలు పడితే 36 వస్తువులు. మీ చేతిలో ఉన్నది అంతే. వంద చేస్తామని మాటిచ్చి ఆఖరి వారం నిద్ర మానుకుని చేసిన వస్తువుల్లో కుట్లు వంకరపోతాయి. పరీక్షల తేదీలు మధ్యలో ఉంటే ఆ వారాలను లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఈ ముప్ఫై ఆరులో ఎక్కువ భాగం తక్కువ ధరవి ఉండాలి. బుక్‌మార్కులు, గ్రీటింగ్ కార్డులు, కీచైన్లు, జుట్టుకు పెట్టుకునే స్క్రంచీలు లాంటివి పిల్లలు తమ దగ్గరున్న చిల్లరతోనే కొనుక్కోగలగాలి. కొన్ని మధ్యరకం ధరవి పెట్టండి. ఒకటి రెండు మాత్రం పెద్దవి, కష్టపడి చేసినవి ఉండాలి. అవి అమ్ముడు పోకపోయినా నష్టం లేదు, దూరం నుంచి జనాన్ని పిలిచేది అవే.

కొన్నిటి జోలికి ఈసారికి వెళ్లకపోవడమే మేలు. కాస్టిక్ సోడాతో కోల్డ్ ప్రాసెస్‌లో, అంటే పొయ్యి మీద ఉడికించకుండా చేసే సబ్బు ఆరి పదును తేలడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి లేబుల్ నిబంధనలూ ఉంటాయి. పసిపిల్లల బొమ్మలు చేయాలనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించేటప్పుడు 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. ఊడివచ్చిన ఏ భాగమైనా అందులో పూర్తిగా ఇమిడిపోతే అది గొంతుకు అడ్డం పడే ప్రమాదమున్నట్టే లెక్క. మామూలు గుండీలు, పూసల కళ్లు అన్నీ అందులో పట్టేస్తాయి. అలాంటి బొమ్మకు కళ్లు దారంతో కుట్టండి, లేదా ఇది అలంకరణకే, పసిపిల్లలకు ఇవ్వకండని ట్యాగు మీద స్పష్టంగా రాయండి.

ఇంకొకటి. పేరున్న కార్టూన్ బొమ్మలు, కంపెనీల లోగోలు, ఆటల జట్ల గుర్తులు మీ వస్తువుల మీద వేసి అమ్మకండి. సేవ కోసం అమ్మినా అవి వేరేవాళ్ల సొత్తే. క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) ప్యాటర్న్ ఎక్కడినుంచైనా తీసుకుంటే, దానితో చేసినవాటిని అమ్ముకోవచ్చో లేదో డిజైన్ చేసినవాళ్లు చాలాసార్లు ఆ పేజీలోనే రాస్తారు. తమ పేరు వేస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. చదివి, అడిగి, పేరు వేయండి.

చేతిలో పట్టుకోగానే తెలిసే పనితనం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టమంటాను. కొనేవాళ్లు వస్తువును వెనక్కి తిప్పి చూస్తారు. వెనకవైపు కూడా శుభ్రంగా ఉన్న వస్తువుకు బేరమాడేవాళ్లు తక్కువ.

గ్రీటింగ్ కార్డునే తీసుకోండి. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే రెండు ఏ5లు వస్తాయి, ఒక్కో ఏ5ని మధ్యకు మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్ల ఏ6 కార్డు అవుతుంది. దానికి సరిపోయే కవరు పేరు సీ6, 114 బై 162 మిల్లీమీటర్లు. కవరు దొరికే కొలతలోనే కార్డు చేయండి, కార్డు చేశాక కవరు వెతుక్కుంటే దొరకదు. కాగితం 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటే నిలబెట్టినప్పుడు వాలిపోదు. ఇంత మందపాటి కాగితాన్ని నేరుగా మడిస్తే మడత మీద పగుళ్లు వస్తాయి. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో మడత గీత వెంట ఒకసారి గట్టిగా గీయండి, ఆ తర్వాత మడవండి. కాగితానికి పోగు దిశ కూడా ఉంటుంది. రెండువైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది. మడత ఆ దిశలో వస్తే అంచు కత్తితో కోసినట్టుంటుంది.

చెవిపోగులు, కీచైన్లు చేసేవాళ్లు తరచూ జారిపోయేది చిన్న రింగు దగ్గర. జంప్ రింగును రెండు కొసలూ పట్టి పక్కలకు లాగి తెరిస్తే గుండ్రం పోతుంది, మళ్లీ కలిపినా వెంట్రుకంత సందు మిగులుతుంది. ఆ సందులోంచే పూస జారి పడిపోతుంది. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసను మీవైపు, రెండో కొసను అవతలివైపు తిప్పండి. మూసేటప్పుడు అదే తిప్పుడు వెనక్కి. రెండు కొసలూ కలిసినప్పుడు చిన్న టిక్ శబ్దం వస్తుంది, వేలితో తడిమితే గోరుకు ఏదీ తగలకూడదు. చెవికి తగిలే కొక్కేల విషయంలో పొదుపు చేయకండి. నికెల్ పడక చెవులు దురదపెట్టి పుండ్లయ్యేవాళ్లు చాలామంది ఉంటారు. టైటానియం కొక్కేలు గానీ, 92.5 శాతం వెండి ఉండే 925 రకం గానీ వాడి, ఏ లోహమో ట్యాగు మీద రాయండి. కచ్చితంగా తెలియని లోహాన్ని నికెల్ లేనిదని మాత్రం అనకండి.

క్రోషేలో దారం కొసను కత్తిరించి ముడి వేసి వదిలేస్తే నాలుగు ఉతుకుల్లో ఊడివస్తుంది. సూదితో ఒకవైపు కుట్టుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ ఇంకోవైపు పోనిచ్చి అప్పుడు కత్తిరించండి. రంగు గుడ్డతో చేసే సంచులకు, స్క్రంచీలకు ముందే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను విడిగా ఉతికాకే వాడండి. రెజిన్ (అచ్చులో పోస్తే గాజులా గట్టిపడే ద్రవం) ఒక రోజుకే గట్టిపడ్డట్టు కనిపిస్తుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి చాలా రకాలకు 72 గంటల దాకా పడుతుంది, తొందరపడి ప్యాక్ చేస్తే కవరు గుర్తులు దాని మీద అచ్చు పడతాయి. జిగురుతో అతికించిన ప్రతి వస్తువునూ ఆరాక ఒకసారి గట్టిగా లాగి చూడండి. ఊడితే మీ చేతిలోనే ఊడాలి.

ధర: ఒక్క కూడిక, ఒక్క భాగహారం

ముడిసరుకు అంటే దారం, పూసలు మాత్రమే కాదు. జిగురు, వృథా పోయిన ముక్కలు, ట్యాగు, కవరు అన్నీ అందులోకే వస్తాయి. వాటికి మీ సమయం కలపండి. సేవ కోసమే చేస్తున్నాం, మా శ్రమకు లెక్కెందుకని చాలామంది అంటారు. మీ శ్రమను విరాళంగా ఇవ్వండి, చాలా మంచి పని. కానీ ఎంత ఇస్తున్నారో పుస్తకంలో రాయండి. లేకపోతే రేపు ఇదే వస్తువును మామూలుగా అమ్మాల్సి వచ్చినప్పుడు అసలు ధరెంతో మీకే తెలియదు. పక్కన ఇదే పనితో పొట్టపోసుకునే కళాకారుల స్టాల్ ఉంటే, మీరు సగం ధరకు అమ్మడం వాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది. ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు.

శాతం పద్ధతిలో ఇచ్చేటప్పుడు ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. ఒక వస్తువుకు సరుకు 24, సమయం 30, మొత్తం 54 అయిందనుకోండి. సేవాసంస్థకు అమ్మకంలో 25 శాతం. చాలామంది 54కి పావు వంతు కలిపి 67.50 అని పెడతారు. అందులో పావు వంతు తీసేస్తే మీకు మిగిలేది 50.62, అంటే ఖర్చు కూడా రాలేదు. వాటా అమ్మకం ధర మీద కాబట్టి 54ను 0.75తో భాగించాలి. 72 వస్తుంది. అందులో పావు వంతు 18 సంస్థకు, 54 మీకు. అమ్మకంలో పది శాతమైతే 0.90తో, సగమైతే 0.50తో భాగించండి.

వచ్చిన సంఖ్యను చిల్లర ఇవ్వడానికి తేలికయ్యేలా సవరించుకోండి. ఆ ధర మరీ ఎక్కువనిపిస్తే దాన్ని తగ్గించే ముందు చేసే విధానం తేలిక చేయగలరేమో చూడండి. ఒకేసారి ఇరవై ముక్కలు కత్తిరించుకుని, తర్వాత ఇరవై కుట్టి, చివర ఇరవైకీ రింగులు వేస్తే ఒక్కోదానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది.

బల్ల సర్దడం ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి

నిర్వాహకులు చెప్పిన కొలతల్లో నేల మీద టేపు అంటించి, ఆ గీతల లోపల సర్దండి. ఫోటో తీసుకోండి. మేళా రోజు హడావిడిలో ఆ ఫోటో చూసి పది నిమిషాల్లో పెట్టేయొచ్చు. బల్ల మీద ఒకే రంగు గుడ్డ, ముందువైపు నేల దాకా దిగేలా వేస్తే ఖాళీ పెట్టెలు, మీ సంచులు కింద దాగిపోతాయి. పువ్వుల గుడ్డ వేస్తే మీ వస్తువులు అందులో కలిసిపోతాయి.

అన్నీ పరిచేసినట్టు పడుకోబెట్టకండి. గుడ్డ కింద పెట్టెలు పెట్టి రెండు మూడు ఎత్తులు చేయండి, కార్డులు నిలబెట్టండి, చెవిపోగులు అట్టకు తగిలించి పక్కన చిన్న అద్దం ఉంచండి. అద్దం ముందు చెవికి పెట్టి చూసుకున్నవాళ్లు దాన్ని తిరిగి బల్ల మీద పెట్టడం అరుదు. ధర ప్రతి వస్తువు మీదా ఉండాలి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ.

సేవ గురించి ఒక్క బోర్డు చాలు. "ప్రతి అమ్మకంలో పావు వంతు ఫలానా సంస్థకు" అని వాటాను, సంస్థ పేరును రాయండి. "మొత్తం సేవకే" అని ఊరికే రాసేసి, ఖర్చులు తీసుకున్నామని తర్వాత అనడం కొనేవాళ్లను మోసగించడమే అవుతుంది. ఆరుబయట అయితే గాలి సంగతి మరిచిపోకండి, క్లిప్పులు, కార్డుల మీద పెట్టే బరువులు తీసుకెళ్లండి.

మేళా రోజు

ముందురోజు రాత్రే ఒక పెట్టె సిద్ధం చేసుకోండి. అందులో చిల్లర, అమ్మకాల పుస్తకం, రెండు పెన్నులు, కత్తెర, టేపు, సూది దారం, జిగురు, కాగితపు సంచులు, పవర్ బ్యాంకు, తాగడానికి నీళ్లు ఉండాలి. ఎంత చిల్లరతో మొదలుపెట్టారో పుస్తకం మొదటి వరుసలో రాయండి, సాయంత్రం లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. క్యూఆర్ కోడ్ పెడితే అది ఎవరి ఖాతాదో ఇంట్లో పెద్దవాళ్లతో, నిర్వాహకులతో ముందే తేల్చుకోండి. ఆ కోడ్ ప్రింటు ఒకటి బల్లకు అంటించి, డబ్బు పడిందని ఫోన్‌లో చూసుకున్నాకే వస్తువు ఇవ్వండి.

ఇద్దరుంటే మంచిది. ఒకరు మాట్లాడాలి, ఒకరు డబ్బు తీసుకుని రాయాలి. కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్న మనిషి ముందు ఎవరూ ఆగరు, నిలబడండి. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడే ఏదో ఒకటి అల్లుతూ ఉండండి. చేతులు కదులుతుంటే చూడటానికి వస్తారు, పిల్లలైతే తప్పకుండా వస్తారు.

ఎవరైనా వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు "సేవ కోసమండి, తీసుకోండి" అని మొదలుపెట్టకండి. వస్తువు గురించి చెప్పండి. "అది పాత చీర అంచుతో కుట్టానండి, లోపల జేబు కూడా ఉంది" అంటే వాళ్లే జేబు తెరిచి చూస్తారు. డబ్బు ఎక్కడికి వెళ్తుందో అడిగినప్పుడు, లేదా కొన్నాక చెప్పండి. అప్పుడు అది కొన్నవాళ్లకు సంతోషం, కొననివాళ్లకు ఒత్తిడి కాదు.

"ఇది మేమే ఇంట్లో చేసుకోవచ్చు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నొచ్చుకోకుండా ఎలా చేశారో చెప్పండి. వినేవాళ్లలో ఇంకొకరు కొంటారు. "కొంచెం తగ్గించండి" అన్నవాళ్లకు ఏం చెప్పాలో ముందురోజే అనుకోండి. ఒక్కదాని మీద తగ్గించకుండా మూడు తీసుకుంటే ఇంత అని పెట్టుకోవడం నాకు మేలనిపిస్తుంది. "ధర అందరికీ ఒక్కటే అండి, మూడు తీసుకుంటే మాత్రం ఇంతకిస్తాం" అంటే చాలు. ఒకరికి తగ్గించి, పక్కనే నిలబడ్డవాళ్లకు పూర్తి ధర చెప్పారంటే ఆ బల్ల మీద నమ్మకం పోతుంది.

"మిగతా చిల్లర ఉంచండి" అని కొందరు ఇస్తారు. అది మీది కాదు, సంస్థది. నిర్వాహకులు ఇచ్చిన విరాళం డబ్బాలో వాళ్ల ఎదురుగానే వేయండి. అమ్మకాల పుస్తకంలో కలపకండి.

లెక్క అదే సాయంత్రం

గల్లాపెట్టెలో ఉన్న నగదు, ఫోన్‌లో పడిన మొత్తం కలపండి, అందులోంచి పొద్దున తెచ్చిన చిల్లర తీసేయండి. మిగిలింది అసలు అమ్మకం. దాన్ని పుస్తకంలోని వరుసల మొత్తంతో పోల్చండి. తీసుకెళ్లిన వస్తువుల్లోంచి మిగిలినవాటిని తీసేసినా అమ్మినవాటి సంఖ్య తెలుస్తుంది, అదీ సరిపోవాలి. ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టండి. కొద్దిగా తేడా వస్తే దాచకుండా పుస్తకంలోనే తేడా అని రాయండి. సంస్థ వాటా ఒకటి రెండు రోజుల్లోనే ఇచ్చేసి రసీదు తీసుకోండి. మీ దగ్గర ఎక్కువ రోజులు ఉంటే అది మీ డబ్బన్న భావన మెల్లగా వచ్చేస్తుంది. స్టాల్‌కు సాయం చేసిన స్నేహితులకు, సరుకిచ్చినవాళ్లకు ఆ రసీదు ఫోటో పంపండి.

ఏ రంగు ముందు అయిపోయింది, ఏది ఎవరూ ముట్టుకోలేదు, ఏ గంటలో జనం ఎక్కువగా వచ్చారు అన్నవి అదే రాత్రి రాసుకోండి. మర్నాటికి మనకు నచ్చిన వస్తువే బాగా పోయినట్టు అనిపిస్తుంది. మిగిలినవాటిలో బాగున్నవి వచ్చే మేళాకు దాచండి, కాగితం, గుడ్డ అయితే తేమ తగలని చోట. ముట్టుకోనివాటిని విప్పగలిగితే విప్పేసి పూసలు, దారం వెనక్కి తీసుకోండి.

ఆర్డర్లు ఇస్తామని కొందరు అడిగి ఉంటారు. రంగు, సంఖ్య, ధర, ఇచ్చే తేదీ నాలుగూ రాసుకుని అదే కాగితం వాళ్లకు చూపించండి. ఆ ఆర్డరులో కూడా సంస్థకు వాటా ఉందో లేదో అప్పుడే చెప్పేయండి, మేళాలో చూసిన బోర్డు గుర్తుండి, వాటా ఉందనే వాళ్లు అనుకుంటారు కాబట్టి. తేదీ చెప్పే ముందు మాత్రం మీ పరీక్షల టైంటేబుల్ తెరిచి చూడండి, లెక్కకు వచ్చినదాని మీద ఇంకో వారం కలిపి చెప్పండి.